ఇద్దరే ఉన్న పడవలో మెయిన్‌సెయిల్ చేతికి లొంగాలంటే: సమగ్ర మార్గదర్శి

అమెరికా తూర్పు తీరాన ఉన్న చెసాపీక్ బే మీద జూలై మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో అక్కడ పడవ నడిపేవాళ్లందరికీ తెలుసు. మూడింటి దాకా ఉక్కపోత, ఆకు కదలదు. ఆ తర్వాత పడమటి దిక్కున ఓ నల్లమబ్బు లేస్తుంది. ఇక మన చేతిలో ఉండేది పావుగంటో, ఇరవై నిమిషాలో. అలాంటి ఓ రోజు నేనూ మా ఆవిడా మా 34 అడుగుల పడవలో అన్నాపొలిస్‌కి తిరిగొస్తున్నాం. మెయిన్‌సెయిల్, అంటే పెద్ద తెరచాప, దించుదామని దాన్ని ఎత్తే తాడు, హాల్యార్డ్, వదిలాను. చాప సగం దాకా దిగి ఆగిపోయింది. తను చుక్కాని పట్టుకుని పడవ ముక్కును గాలికి ఎదురుగా నిలబెట్టాలని చూస్తోంది, అలలు పక్కకు నెట్టేస్తున్నాయి. నేను క్యాబిన్ పైకెక్కి, ఒక చేత్తో మాస్ట్‌ను కావలించుకుని, రెండో చేత్తో చాపను గుప్పెడు గుప్పెడు కిందికి లాగాను. గాలి 35 నాట్లు (గంటకు దాదాపు 65 కిలోమీటర్లు) దాటేసరికి చివరి మీటరు దిగింది. వేళ్ల గోళ్లు చిట్లి రక్తం వచ్చింది. ఆ సాయంత్రం ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

అప్పుడు మా ఇద్దరికీ యాభై దాటాయి. పడవ అమ్మేద్దామా, ఎలక్ట్రిక్ వించ్ (తాడును చుట్టి లాగే యంత్రం) పెట్టిద్దామా, చాప మాస్ట్‌లోకి చుట్టుకునే ఫర్లింగ్ కొందామా అని వారం పాటు చర్చ నడిచింది. చివరికి ఏదీ కొనలేదు. మూడు సీజన్ల పాటు ఒక్కో భాగం విప్పి చూసుకుంటూ సరిచేశాం. ఇప్పుడు మా ఆవిడ ఒక్కతే కాక్‌పిట్‌లోంచి (చుక్కాని దగ్గర కూర్చునే చోటు) చాప ఎత్తుతుంది, రీఫ్ చేస్తుంది, దించుతుంది. ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత, దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు అన్నది ఆ మూడు సీజన్లలో నేర్చుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను. 30 నుంచి 38 అడుగుల దాకా ఉండే, ఒకే మాస్ట్ ఉన్న క్రూయిజింగ్ పడవలకు ఇది బాగా సరిపోతుంది.

కొత్తగా పడవ కొన్నవాళ్ల కోసం నాలుగు మాటలు ముందు చెప్పేస్తాను. మాస్ట్ అంటే తెరచాప కొయ్య. బూమ్ అంటే చాప అడుగు అంచును పట్టి ఉంచే అడ్డకొయ్య. హాల్యార్డ్ అంటే చాపను పైకెత్తే తాడు. మెయిన్‌షీట్ అంటే బూమ్‌ను లోపలికీ బయటికీ నడిపే తాడు. రీఫ్ అంటే గాలి పెరిగినప్పుడు చాపను కొంత దించి, దిగిన భాగాన్ని బూమ్‌కు బిగించడం.

ముందు తూకం వేయండి

అమెరికాలో తెలుగువాళ్ల ఇంట్లో సూట్‌కేస్ తూచే చేతి కాటా తప్పకుండా ఉంటుంది. 23 కిలోలు దాటిందా లేదా అని ఊరెళ్లే ముందు రాత్రి పదిసార్లు చూసేది. దాన్ని పడవలోకి తీసుకెళ్లండి. నేను వేలకు వేలు ఖర్చు పెట్టకుండా ఆపింది ఆ కాటాయే.

గాలి లేని ఉదయం, పడవ రేవులో కట్టి ఉన్నప్పుడు ఈ పని చేయాలి. ముందు చాపను విప్పి సంచిలో పెట్టి తూచండి. మాది 27 చదరపు మీటర్ల డాక్రాన్ (పాలిస్టర్ గుడ్డ) చాప, దాన్ని చాచి ఉంచే పట్టీలు, అంటే బ్యాటెన్లతో కలిపి 14 కిలోలు ఉంది. తర్వాత చాపను మళ్లీ ఎక్కించండి. హాల్యార్డ్ మాస్ట్ నుంచి బయటికొచ్చే చోట తాడుకు చిన్న ఉచ్చు ముడి వేసి, కాటా కొక్కేన్ని అందులో తగిలించి, మెల్లగా ఒకే ఊపుతో కిందికి లాగండి. చాప మూడో వంతు ఎత్తులో ఉన్నప్పుడు, సగంలో ఉన్నప్పుడు, పైకి చేరబోతున్నప్పుడు అంకెలు రాసుకోండి.

పైకి చేరేటప్పుడు మాకు వచ్చింది 31 కిలోలు. చాప బరువు 14. మిగిలిన 17 కిలోలూ రాపిడే. అదే తాడును డెక్ మీద కప్పీల గుండా తిప్పి కాక్‌పిట్‌లో తూస్తే 40 వచ్చింది. అంటే మాస్ట్ అడుగు నుంచి కాక్‌పిట్ దాకా నాలుగు మీటర్ల ప్రయాణంలో ఇంకో 9 కిలోలు పోతోంది. 14 కిలోల చాప కోసం 40 కిలోలు లాగుతూ, వయసైపోయింది, చేతుల్లో బలం లేదు అనుకుంటున్నాం.

ఇంకో పరీక్ష కూడా చేయండి. చాపను పూర్తిగా ఎత్తి హాల్యార్డ్ వదిలేయండి. ముట్టుకోకుండా దానంతట అదే బూమ్ దాకా దిగాలి. ఎక్కడ ఆగిందో మాస్ట్ మీద టేపు ముక్క అంటించండి. నా లెక్కలో ఎత్తడం కంటే ఈ దిగడమే పెద్ద విషయం. చాప ఎక్కకపోతే ఇంజిన్ మీద ఇంటికెళ్లొచ్చు. దిగకపోతే వెళ్లే దారే లేదు.

గాడి, స్లైడ్లు

చాప ముందు అంచుకు కుట్టిన ప్లాస్టిక్ స్లైడ్లు మాస్ట్ గాడిలో జారుతూ పైకెళ్తాయి. ఆ గాడిలో ఉప్పు, దుమ్ము, పక్షుల రెట్టలు, అల్యూమినియం తెల్లగా పూసిన పొడి పేరుకుంటాయి. బయటికి ఏమీ కనబడదు.

శుభ్రం చేయడానికి సాధనం ఇంట్లోనే చేసుకోవచ్చు. అరచేయంత వెడల్పున్న గట్టి గుడ్డ పట్టీ తీసుకుని, గాడిలో సరిపోయేలా చుట్టి, రెండు చివరలా ఒక్కో పాత స్లైడ్ కుట్టండి. పై స్లైడ్‌కు హాల్యార్డ్ కట్టండి. కింది స్లైడ్‌కు మాస్ట్ ఎత్తుకు మించిన పొడవున్న సన్నతాడు కట్టి, దాని కొస చేతిలో పెట్టుకోండి. ఆ కింది తాడు మర్చిపోతే గుడ్డ మాస్ట్ చివరికి వెళ్లి ఇరుక్కుంటుంది, హాల్యార్డ్ కూడా అక్కడే ఉండిపోతుంది, దాన్ని దించడానికి మనిషి పైకెక్కాలి. మొదట సబ్బునీళ్లలో ముంచి నాలుగైదుసార్లు పైకీ కిందికీ లాగండి. గుడ్డ నల్లగా దిగుతుంది. తర్వాత మంచినీళ్లతో, ఆపైన పొడిగుడ్డతో. చివరగా ఆరాక అంటుకోని పొడి పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) స్ప్రే గుడ్డకు కొట్టి ఇంకోసారి నడపండి. నూనె, గ్రీజు మాత్రం వద్దు. వారం హాయిగా జారుతుంది, తర్వాత దుమ్మునంతా పట్టుకుని జిగురైపోతుంది.

స్లైడ్లను ఒక్కొక్కటే వేళ్లతో తడిమి చూడండి. ఎండకు పెళుసెక్కినవి, అంచులు అరిగి గరుకైనవి, వంకర తిరిగినవి మార్చేయండి. పది పన్నెండు స్లైడ్లు మార్చడం ఒక పూట పని. మాకు ఒక్క శుభ్రతతోనే 31 కిలోలు 23 అయ్యాయి.

మీ చాపకు ఫుల్ బ్యాటెన్లు ఉంటే మాత్రం సాదా స్లైడ్లు సరిపోవు. ఫుల్ బ్యాటెన్ అంటే చాప వెనక అంచు నుంచి మాస్ట్ దాకా అడ్డంగా వెళ్లే పట్టీ. అది విల్లులా వంగి మాస్ట్‌ను ముందుకు నెడుతూ ఉంటుంది. ఆ ఒత్తిడికి స్లైడ్ గాడిలో అడ్డం తిరిగి బిగుసుకుంటుంది. జూలైలో మా చాప ఆగింది సరిగ్గా అలాంటి చోటే. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, బాల్ బేరింగులతో నడిచే బ్యాటెన్ కార్లు. హార్కెన్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి, ఖరీదెక్కువ. రెండోది, ఉన్న గాడిలోకే దూర్చే జారుడు ప్లాస్టిక్ ట్రాక్. టైడ్స్ మెరైన్ వాళ్ల స్ట్రాంగ్ ట్రాక్ ఈ రకానిది. మా పడవ సైజుకు నేను రెండోదే ఎంచుకున్నాను. మాస్ట్‌కు రంధ్రాలు వేయక్కర్లేదు, కదిలే భాగాలు తక్కువ.

హాల్యార్డ్ దారి

మాస్ట్ చివర ఉన్న కప్పీ చక్రం సరిగా తిరగకపోతే మిగతా శ్రమంతా వృథా. మీరే ఎక్కుతారో, రిగ్గర్‌ను (మాస్ట్, తాళ్ల పని చేసే నిపుణుణ్ని) పిలుస్తారో మీ ఇష్టం. ఎక్కేవాళ్లు కూర్చున్న తాడు కాకుండా రెండో హాల్యార్డ్ కూడా రక్షణగా కట్టుకోవాలి. చక్రాన్ని వేలితో తిప్పితే ఆగకుండా తిరగాలి, పక్కకు ఊగకూడదు.

డెక్ మీద లెక్క వేరు. తాడు కప్పీ దగ్గర ఎంత మలుపు తిరిగితే కప్పీ మీద అంత భారం. పూర్తిగా వెనక్కి, అంటే 180 డిగ్రీలు తిరిగితే తాడులోని లాగుడుకు రెట్టింపు భారం పడుతుంది. 90 డిగ్రీలకు 1.4 రెట్లు. 30 డిగ్రీలకు సగమే. మాస్ట్ అడుగున తాడు ఎటూ 90 డిగ్రీలు తిరగాలి కాబట్టి అన్నిటికంటే మంచి బాల్ బేరింగ్ కప్పీ అక్కడ పెట్టండి. ఆ తర్వాత మలుపులు ఎంత తక్కువైతే అంత మంచిది. మా పడవ పాత యజమాని ఎవరో తాడును రెండు చోట్ల అనవసరంగా వంచారు. ఒక కప్పీ తీసేసి, ఇంకోదాన్ని పదిహేను సెంటీమీటర్లు పక్కకు జరిపితే కాక్‌పిట్‌లో ఆరు కిలోలు తగ్గింది.

తాడు విషయానికొస్తే, సాదా పాలిస్టర్ సాగుతుంది. గాలి పెరిగినకొద్దీ చాప పొట్ట వెనక్కి జరిగి పడవ ఒరుగుతుంది. లోపల డైనీమా (దాదాపు సాగని గట్టి పోగు), పైన పాలిస్టర్ అల్లిక ఉన్న తాడు వేసుకుంటే ఒకసారి బిగించాక మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. మా పాత తాడు 12 మిల్లీమీటర్లు ఉండేది. కొత్తది 10 వేశాం. సన్నబడిన తాడు కప్పీల్లో తేలిగ్గా తిరుగుతుంది. క్లచ్ (తాడును పట్టి ఆపే బిగింపు) ఆ సైజును పట్టుకుంటుందో లేదో మాత్రం కొనేముందే చూసుకోండి.

అయినా బరువనిపిస్తే రెండింతల హాల్యార్డ్ వేయొచ్చు. చాప తలకు ఒక కప్పీ కట్టి, తాడు అందులోంచి తిరిగి మాస్ట్ చివర కట్టేస్తారు. లాగే బరువు సగమవుతుంది, లాగాల్సిన తాడు రెట్టింపవుతుంది. 12 మీటర్ల ఎత్తుకు 24 మీటర్లు లాగాలి, ఆ తాడంతా కాక్‌పిట్‌లో పడుతుంది. నలభై అడుగులు దాటిన పడవలకు ఇది వరం. మా సైజుకు అక్కర్లేదు.

దించడం, దిగినదాన్ని పట్టుకోవడం

ఆరు మిల్లీమీటర్ల సన్నతాడు ఒకటి చాప తల దగ్గర కట్టి, మాస్ట్ పక్కగా కిందికి తెచ్చి, ఓ కప్పీ గుండా కాక్‌పిట్‌కు నడపండి. అది డౌన్‌హాల్. చాప మొరాయించినప్పుడు కూర్చున్న చోటి నుంచే కిందికి లాగేస్తారు. ఖర్చు తాడుకే. ఆ జూలై రోజున ఇది ఉండి ఉంటే నేను క్యాబిన్ పైకి ఎక్కేవాణ్నే కాదు.

దిగిన చాప డెక్ మీద చెల్లాచెదురు కాకుండా బూమ్‌కు రెండు పక్కలా లేజీ జాక్స్ కట్టుకోండి. పై స్ప్రెడర్ (మాస్ట్ నుంచి పక్కకు పొడుచుకొచ్చే అడ్డకమ్మీ) కింది నుంచి ఒక తాడు దిగి, సగం దారిలో రింగు గుండా రెండు మూడు పాయలుగా చీలి బూమ్‌కు చేరుతుంది. చివరి పాయ బూమ్ వెనక కొసకు దగ్గరగా కట్టాలి. అంతకంటే ముందే ఆపితే చాప వెనక భాగం జారి కింద పడుతుంది. ఎత్తేటప్పుడు బ్యాటెన్ కొసలు ఈ తాళ్లలో చిక్కుకుంటాయి. అందుకే తాళ్లను వదులు చేసి మాస్ట్ దగ్గరికి జరిపి, కొక్కేనికి తగిలించేలా అమర్చుకోవాలి. దీనికి జిప్పున్న సంచి కలిపితే స్టాక్ ప్యాక్ అవుతుంది. ఎండ నుంచి చాపకు రక్షణ కూడా.

రీఫింగ్: ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే

గాలి 15 నాట్ల నుంచి 20కి పెరిగితే మూడో వంతు పెరిగినట్టు కనబడుతుంది. చాప మీద ఒత్తిడి మాత్రం దాదాపు 1.8 రెట్లవుతుంది. పదికి ఇరవై అయితే నాలుగు రెట్లు. అందుకే రీఫ్ ఆలస్యమైన ప్రతి నిమిషం పనిని బరువెక్కిస్తుంది. మా పడవకు గాలికి ఎదురెక్కేటప్పుడు 16 నాట్లకు మొదటి రీఫ్ అని గీత గీసుకున్నాం. ఎవరికి అనిపించినా చేసేస్తాం, రెండోవాళ్లు వాదించకూడదు. ఈ నియమం మా ఆవిడదే.

రీఫ్ తాళ్లలో రెండు పద్ధతులున్నాయి. సింగిల్ లైన్‌లో ఒకే తాడు చాప ముందు మూలనూ వెనక మూలనూ కలిపి లాగుతుంది. వినడానికి తేలిక. కానీ ఆ తాడు తిరిగే మలుపులు చాలా ఎక్కువ, రెండో రీఫ్‌కు కాక్‌పిట్ నిండా తాడే. నా మాట వింటే ముందు మూలకు ఒకటి, వెనక మూలకు ఒకటి, రెండు వేరు తాళ్లు వేయించుకోండి. రెండు క్లచ్‌లు ఎక్కువవుతాయి, రాపిడి బాగా తగ్గుతుంది. దేన్ని ఎంత బిగించాలో విడివిడిగా మీ చేతిలో ఉంటుంది.

వెనక మూల తాడును బూమ్ చుట్టూ కట్టే చోటు ముఖ్యం. చాప వెనక అంచున ఉన్న రీఫ్ కన్నానికి తిన్నగా కింద కాకుండా కాస్త వెనక్కి కట్టాలి. అప్పుడే అది మూలను కిందికీ వెనక్కీ ఒకేసారి లాగుతుంది. తిన్నగా కింద కడితే చాప అడుగు వదులై సంచిలా ఊగుతుంది, గాలి పెరిగినప్పుడు మనకు అక్కర్లేనిది అదే.

ఇక గుర్తులు. రేవులో ఉండగా చాపను మొదటి రీఫ్ ఎత్తుకు దించి, హాల్యార్డ్ క్లచ్ దగ్గరికొచ్చిన చోట ఎర్ర దారంతో తాడు చుట్టూ కుట్టండి. రెండో రీఫ్‌కు రెండు కుట్లు, పక్కపక్కనే. రంగు మార్కర్ ఏడాదికి చెరిగిపోతుంది, చీకట్లో కనబడదు. దారం కుట్టు వేళ్లకు తగులుతుంది. రాత్రి టార్చ్ లేకుండా, వానలో, తాడు చేతిలోంచి జారుతుంటే ఒక గడ్డ తగలగానే ఆపేస్తాం.

వరుస ఇలా ఉంటుంది. మెయిన్‌షీట్, బూమ్‌ను కిందికి పట్టి ఉంచే వాంగ్ రెండూ వదులు చేయండి. బూమ్ కింద పడకుండా టాపింగ్ లిఫ్ట్ (బూమ్ చివరను పైనుంచి పట్టి ఉంచే తాడు) బిగించండి. స్ప్రింగున్న గట్టి వాంగ్ ఉంటే అది అక్కర్లేదు. హాల్యార్డ్‌ను గుర్తు దాకా దించండి. ముందు మూల తాడు లాగి బిగించండి. హాల్యార్డ్‌ను మళ్లీ గట్టిగా బిగించండి. ఆ తర్వాతే వెనక మూల తాడు. చివరగా టాపింగ్ లిఫ్ట్ వదిలి, వాంగ్, షీట్ లాగండి. హాల్యార్డ్ కంటే ముందే వెనక మూల బిగిస్తే చాప చిరిగే ప్రమాదం ఉంది, అందుకే ఈ వరుస తప్పొద్దు. రేవులో పదిసార్లు చేసి చూడండి. మేం చేశాం. మొదటిసారి పదకొండు నిమిషాలు పట్టింది, ఇప్పుడు రెండున్నర.

అలలు పెద్దగా ఉంటే హీవ్ టు చేసుకుని, అంటే పడవను దాదాపు నిలబెట్టి, రీఫ్ చేయండి. మాస్ట్ ముందుండే చాప షీట్ వదలకుండా టాక్ చేస్తే (పడవ ముక్కును గాలికి అడ్డంగా రెండో వైపుకి తిప్పితే) అది ఎదురు వైపుకి నిండుతుంది. అప్పుడు చుక్కాని చక్రాన్ని గాలి వచ్చే వైపుకి తిప్పి కట్టేయండి. ముందు చాప పడవను ఒక వైపు నెడుతుంది, చుక్కాని ఇంకో వైపు తిప్పాలని చూస్తుంది. రెండూ సరిపోయి పడవ నెమ్మదిస్తుంది. అంతసేపూ అరుచుకుంటూ మాట్లాడుకున్నవాళ్లు మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. అయినా కాక్‌పిట్ వదిలి వెళ్లాల్సొస్తే హార్నెస్ (పడవకు కట్టి ఉంచే రక్షణ పట్టీ) తగిలించుకునే వెళ్లాలి.

మెయిన్‌షీట్, ట్రావెలర్

నేను సెయిలింగ్ నేర్చుకున్నది హైదరాబాద్‌లో, హుస్సేన్ సాగర్ మీద, లేజర్ పడవలో. దాని చాప 7 చదరపు మీటర్లు. షీట్ ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది, గాలి పెరిగితే వదలడం, తగ్గితే లాగడం. 27 చదరపు మీటర్ల చాపతో ఆ హాయి రావాలంటే కప్పీల లెక్క సరిగ్గా ఉండాలి.

షీట్ బూమ్ చివర ఉందా, మధ్యలో ఉందా చూడండి. క్యాబిన్ పైన, బూమ్ సగం దగ్గర ఉంటే చివర ఉన్నదానికంటే దాదాపు రెట్టింపు లాగాలి. మాది అలాంటిదే, నాలుగింతల కప్పీలు ఉండేవి. వాటిని ఆరింతల బాల్ బేరింగ్ కప్పీలుగా మార్చాం. తాడు పొడవు ఒకటిన్నర రెట్లయింది, మా ఆవిడ ఇప్పుడు వించ్ లేకుండానే 12 నాట్ల దాకా షీట్ లాగుతుంది. తాడు మరీ లావుగా వద్దు. కప్పీ అంచులకు రాసుకుంటే కొత్త కప్పీలు కూడా పాతవాటిలాగే మొరాయిస్తాయి.

ట్రావెలర్ (షీట్ అడుగు కప్పీని అటూ ఇటూ జరిపే పట్టా) చాలా పడవల్లో తుప్పు పట్టి మధ్యలో ఉండిపోతుంది. దాన్ని కదిలేలా చేసుకోండి. గాలి విసురు వచ్చినప్పుడు షీట్ ముట్టుకోకుండా ట్రావెలర్‌ను ఒక చెయ్యి వెడల్పు గాలి పోయే వైపుకి వదిలితే పడవ లేచి నిలబడుతుంది, చాప ఆకారం చెడదు.

జైబ్, ప్రివెంటర్

గాలి వెనక నుంచి ఉండగా చాపను ఒక వైపు నుంచి రెండో వైపుకి మార్చడమే జైబ్. అలా గాలి వెనక నుంచి వస్తున్నప్పుడు బూమ్ ఒక్కసారిగా అటు నుంచి ఇటు కొట్టుకుంటే తలకు తగిలి మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. ఈ విషయంలో మాత్రం బద్ధకించొద్దు. బూమ్ అలా కొట్టుకోకుండా ఆపే తాడే ప్రివెంటర్. అది బూమ్ చివర నుంచి పడవ ముక్కు దాకా వెళ్లి, అక్కడ కప్పీ తిరిగి కాక్‌పిట్‌కు రావాలి. బూమ్ మధ్య నుంచి పక్క రెయిలింగ్‌కు కట్టడం తేలికే, కానీ బూమ్ చివర నీళ్లలో మునిగితే మధ్యలో విరుగుతుంది. జైబ్ చేసేటప్పుడు ప్రివెంటర్ వదిలి, షీట్ మొత్తం లాగి బూమ్‌ను మధ్యకు తెచ్చి, పడవ తిరగగానే వేగంగా వదలండి. ఇద్దరూ ఒకరికొకరు గట్టిగా చెప్పుకున్నాకే తిప్పాలి.

మోటార్లు, ఫర్లింగ్

ఇవన్నీ అయ్యాక కూడా భుజం నొప్పో, మోకాలి నొప్పో ఉంటే ఎలక్ట్రిక్ వించ్ పెట్టించుకోండి. అందులో తప్పేం లేదు. రాపిడి తగ్గించకుండా పెడితే మాత్రం ప్రమాదం. ఎక్కడో స్లైడ్ బిగుసుకున్నా చేతికి తెలుస్తుంది, మోటారుకు తెలియదు. అది చాప చిరిగే దాకా లాగుతూనే ఉంటుంది. బ్యాటరీ డ్రిల్‌కు వించ్ బిట్ తగిలించి వాడేవాళ్లూ ఉన్నారు. చాప పైకి చేరేముందే డ్రిల్ ఆపి మిగిలింది చేత్తో తిప్పాలి, లేకపోతే డ్రిల్ ఎదురు తిరిగి మణికట్టు మెలిపెడుతుంది.

చాప మాస్ట్‌లోకి చుట్టుకునే ఫర్లింగ్ నాకు నచ్చదు. బాగా నడిచినంతకాలం ఎంతో సుఖం, నిజమే. కానీ చాప వెనక అంచును లోపలికి వంపు తిరిగేలా కత్తిరించాలి, అడ్డ బ్యాటెన్లు ఉండవు, విస్తీర్ణం తగ్గుతుంది. పాతబడి సాగిన చాప లోపల ముడతపడి ఇరుక్కుంటే అది సగం బయటే ఉండిపోతుంది. ఇప్పటికే ఉన్నవాళ్లు చుట్టేటప్పుడు బూమ్ మాస్ట్‌కు లంబకోణంలో ఉండేలా చూసుకుని, చాప వెనక మూలను లాగే తాడును కాస్త బిగువుగానే వదులుతూ ఉంటే చాలా ఇబ్బందులు తప్పుతాయి.

ఏ క్రమంలో

మొదటి వారాంతం తూకం, గాడి శుభ్రం, హాల్యార్డ్ గుర్తులు, డౌన్‌హాల్. వీటికి పెద్ద ఖర్చు లేదు, మార్పు అప్పుడే తెలుస్తుంది. ప్రివెంటర్ కూడా ఆ నెలలోనే కట్టుకోండి. మొదటి సీజన్‌లో స్లైడ్లు, డెక్ కప్పీలు, లేజీ జాక్స్. శీతాకాలంలో మాస్ట్ దించినప్పుడు పై చక్రం, కొత్త హాల్యార్డ్, ట్రాక్. తర్వాతి సీజన్‌లో రీఫ్ తాళ్లు, మెయిన్‌షీట్.

ప్రతి ఏప్రిల్‌లో పడవ నీళ్లలోకి దిగిన మొదటి ప్రశాంతమైన ఉదయం అదే కాటాతో మళ్లీ తూస్తాం. చార్ట్ టేబుల్ మూత లోపల అంటించిన కాగితం మీద ఏడాదికో వరుస ఉంటుంది. మొదటి వరుసలో మాస్ట్ దగ్గర 31, కాక్‌పిట్‌లో 40. కిందటి ఏప్రిల్ వరుస మా ఆవిడ చేతిరాతలో ఉంది: మాస్ట్ దగ్గర 17, కాక్‌పిట్‌లో 20, "వదలగానే మొత్తం దిగింది".